ల్యాప్‌టాప్ వెంట పోయిన పొట్టేలు

మా చిన్నాన్నది ఉరవకొండ పక్కన ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, పాతిక దాకా గొర్రెలు. ఈ ఏడు ఆయన కూతురికి, అంటే మా చెల్లికి, అనంతపురంలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. కంప్యూటర్ సైన్సు. క్లాసులు మొదలయ్యేలోపు ల్యాప్‌టాప్ ఉండాలన్నారట. చిన్నాన్న అయిదు పొట్టేళ్లు అమ్మినాడు. ఆ డబ్బు బనియను జేబులో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని పొద్దున్నే అనంతపురం బస్సెక్కినాడు. ఊళ్లో అద్దాల షాపొకదాంట్లో దూరి, కొనేసి, భోజనాల వేళకి మా ఇంటికొచ్చినాడు.

"ముందు నాకొక ఫోను చేసుంటే వచ్చేవాణ్ణి కదా చిన్నాన్నా" అన్నాను.

"నీకు ఆఫీసు ఉంటాది గదరా. అయినా ఆ పిల్లోడు శానా మంచోడు. అన్నీ వాడే చూసుకున్నాడు."

అన్నీ వాడే చూసుకున్నాడన్నది నిజమే. బిల్లు చూస్తే తెలిసింది. ల్యాప్‌టాప్ 47,990. రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ 4,499. మూడేళ్ల యాంటీవైరస్ 1,799. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ 1,500. రికవరీ పెన్‌డ్రైవ్ 999. స్క్రీన్ గార్డు, కీబోర్డు స్కిన్ కలిపి 899. స్పైక్ గార్డు, అంటే కరెంటు ఉన్నట్టుండి ఎగిసినా తట్టుకునే ప్లగ్గుల పట్టీ, 749. మొత్తం 58,435. ఇందులో ల్యాప్‌టాప్ కానిది 10,445. పొట్టేళ్ల లెక్కలో అయితే నాలుగు ల్యాప్‌టాప్‌కు పోయినాయి. అయిదోది, కాస్త అటూ ఇటుగా, షాపులోనే ఉండిపోయింది.

నేను చిన్నాన్నను ఏమీ అనలేకపోయాను. అట్లాంటి బిల్లులు ఒకప్పుడు నేనే రాయించినాను మరి.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు కర్నూలులో ఒక కంప్యూటర్ షోరూములో సేల్స్‌లో ఉన్నాను. రాత్రి షట్టరు సగం దించాక మేనేజరు అందర్నీ వరసగా నిలబెట్టేవాడు. మొదటి ప్రశ్న ఎన్ని ల్యాప్‌టాప్‌లు అమ్మినారని కాదు, "అటాచ్ ఎంత?" అని. అమ్మిన మిషనుకు ఇంకేం తగిలించినామో దానికి ఆ షాపు భాషలో అటాచ్ అని పేరు. ల్యాప్‌టాప్ మీద షాపుకు మిగిలేది బాగా తక్కువ. ఆన్‌లైన్ రేటు కొనేవాడి ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఎక్కువ చెప్పడానికి కుదరదు. వారంటీ కార్డుకూ, యాంటీవైరస్ డబ్బాకూ, "ఇన్‌స్టలేషన్" అనే మాటకూ అట్లా పోల్చి చూసే రేటు ఎవరి దగ్గరా ఉండదు. అందుకే మాకు ల్యాప్‌టాప్ అమ్మితే ఇన్సెంటివ్ లేదు, దానికి తగిలించినవాటికి ఉంది. నా జీతం మీద నెలకు రెండు మూడు వేలు అట్లా వచ్చేవి. ఆ డబ్బుతోనే మా అమ్మకు కళ్ల ఆపరేషన్ చేయించినాను, కాబట్టి కౌంటరు వెనక నిలబడిన కుర్రాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు.

మాకు నేర్పిన మొదటి పాఠం ఏంటంటే, "కావాలా" అని ఎప్పుడూ అడగకూడదు. "రెండేళ్లదా, మూడేళ్లదా?" అని అడగాలి. ఆ ప్రశ్నలో వద్దు అనే జవాబుకు చోటుండదు. రెండో పాఠం సమయం. మోడల్ తేలక ముందు వారంటీ మాటెత్తకూడదు. డబ్బా అలమారలోంచి దిగి, పిల్ల దాన్ని చేత్తో తడిమి చూశాక ఎత్తాలి. అప్పుడు తండ్రికి వెనక్కి పోయే దారి ఉండదు. మూడోది మేనేజరు చెప్పలేదు, మేమే కనిపెట్టినాం. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడే ముఖాన్ని పట్టుకోవాలి. రైతుల కంటే లెక్చరర్లు, ఆఫీసర్లే సులువుగా పడేవాళ్లు. "యాంటీవైరస్ ఏంటికి?" అని రైతు అడిగినా అడుగుతాడు. వాళ్లు అడగరు, తెలిసినట్టు తలూపుతారు.

మా చిన్నాన్న కూడా తలూపినాడట. సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకుని యాభై రూపాయల దగ్గర అరగంట బేరమాడే మనిషి. ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టందే బయానా ఇవ్వని మనిషి. అద్దాల తలుపు దాటగానే అదంతా బయట చెప్పులతో పాటు విడిచేసి పోయినాడు.

ఇట్లాంటి కథలు రాసేవాళ్లు సాధారణంగా డబ్బు దగ్గరే ఆగిపోతారు. నా వాదన అది కాదు. ఆ పదివేలలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది అన్నిటికంటే ఖరీదైన 4,499 కాదు, ఎవరూ పట్టించుకోని ఆ 1,500. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్.

భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని కూర్చున్నాం. చెల్లి మూత తెరిచింది. తెర మీద ఆమె పేరే ఉంది, పక్కన పుట్టిన సంవత్సరం. షాపు కుర్రాడు ఆమె పేరుతో కొత్త మెయిల్ ఐడీ తయారుచేసి దాంతో లాగిన్ చేసి ఇచ్చినాడు. పాస్‌వర్డు బిల్లు వెనక పెన్నుతో రాసిచ్చినాడు. ల్యాప్‌టాప్, ఒక గుర్తు, ఒకటి రెండు మూడు. ఆ రోజు ఆ షాపులో కొన్న ప్రతి మిషనుకూ అదే పాస్‌వర్డు అయ్యుంటుందని నాకు అనుమానమే లేదు, మేమూ అదే చేసేవాళ్లం. ఖాతా సెట్టింగుల్లోకి పోయి చూస్తే రికవరీ ఫోను నంబరు అని ఒకటి ఉంది. చివరి రెండంకెలు కనిపిస్తున్నాయి. చెల్లిది కాదు, చిన్నాన్నదీ కాదు.

దీని అర్థం ఏంటో చెబుతాను. ఈ ధరలో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లతో వర్డు, ఎక్సెల్ ఉండే ఆఫీసు కంపెనీయే ఇస్తుంది. దాని ఖరీదు ల్యాప్‌టాప్ ధరలోనే కలిసి ఉంటుంది. అది మొదటిసారి ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో యాక్టివేట్ చేస్తే ఆ ఖాతాకే అతుక్కుపోతుంది. అంటే మా చెల్లి ఆఫీసు ఆ కుర్రాడి ఫోను నంబరు మీద నడిచే ఖాతాలో ఉంది. అంతకంటే పెద్దది ఇంకోటుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మిషన్లలో డిస్కు మొత్తానికి తాళం దానంతట అదే పడుతుంది. మంచిదే, ల్యాప్‌టాప్ దొంగలు ఎత్తుకుపోయినా లోపలి ఫైళ్లు చదవలేరు. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఒకటుంటుంది. అది దాచి ఉండేది అదే ఖాతాలో. ఎప్పుడో మదర్‌బోర్డు మార్చినా, మిషనును మేల్కొలిపే బయోస్ అప్‌డేట్ అయినా, మిషను నీలం తెర వేసి ఆ 48 అంకెలు అడగొచ్చు. అప్పటికి ఆ ఖాతా పాస్‌వర్డు మరిచిపోయి ఉంటే, నంబరు కలిగిన కుర్రాడు ఉద్యోగం మారి సిమ్ము మార్చేసి ఉంటే, నాలుగేళ్ల ప్రాజెక్టులూ ఫొటోలూ లోపలే సమాధి. కొత్త ఇల్లు కట్టించుకుని తాళంచెవి మేస్త్రీ దగ్గరే వదిలేసి వచ్చినట్టు. పైగా అందుకు మేస్త్రీకి 1,500 ఇచ్చి.

నంబరు మార్చాలంటే పాత నంబరుకు కోడు పోతుంది. షాపుకు ఫోన్ చేసి ఆ కుర్రాణ్ణి పిలిపించినాం. టీ తాగుతున్నట్టున్నాడు, గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరి ల్యాప్‌టాప్ అన్నా?" అన్నాడు.

చెప్పినాను.

"ఉండన్నా, శానా మెసేజీలు ఉన్నాయి... ఇదేనేమో చూడు" అని ఒక కోడు చదివినాడు. అది కాదు. ఇంకోటి చదివినాడు. అదీ కాదు. మూడోది పడింది.

వాడిలో చెడ్డతనం వీసమంత లేదు. కోడు చదివి "ఇంకేమన్నా కావాలంటే ఫోన్ చేయన్నా" అని కూడా అన్నాడు. కానీ ఊళ్లో ఎంతమంది పిల్లల తాళంచెవులు వాడి ఒక్క ఫోనులో గలగలలాడుతున్నాయో తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. వాడి ఫోను ఎక్కడన్నా ఆటోలో జారిపోతే?

ఆ నంబరు తీసేసి చెల్లి నంబరు పెట్టినాం, ఆమె సొంత మెయిలు జోడించినాం, పాస్‌వర్డు మార్చినాం. తర్వాత నేను పక్కకు జరిగి, మిషను మొత్తం రీసెట్ కొట్టించినాను. ఆమె చేతే. విండోస్ లైసెన్సు ఆ మిషనుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి మళ్లీ కీ కొట్టే పని లేదు, ఎవరికీ రూపాయి ఇచ్చే పనీ లేదు. సగంలో కరెంటు పోయింది. మా వీధిలో మామూలే.

"అయిపాయ, చెడిపోయింటాది" అన్నాడు చిన్నాన్న, స్పైక్ గార్డు డబ్బా వైపు చూస్తూ. దాన్ని ఇంకా విప్పలేదు.

ల్యాప్‌టాప్ తన పాటికి తను చుక్కలు తిప్పుకుంటూనే ఉంది. బ్యాటరీ అనేది అందుకే కదా ఉన్నది. ఆయన చేతికి అడాప్టరు ఇచ్చి వెనక రాసింది చదవమన్నాను. కళ్లజోడు లేక దూరంగా పట్టుకుని, అంకెలు చదివినాడు. వంద, గీత, రెండు వందల నలభై. మన పల్లెల్లో రాత్రిపూట వోల్టేజీ 170కి దిగినా ఆ అడాప్టరు కిక్కురుమనదు. వంద నుంచి రెండు వందల నలభై దాకా ఏదొచ్చినా దానికి తిండే. డెస్క్‌టాప్‌కైతే యూపీఎస్ కొనండి, అది వేరే సంగతి, కరెంటు పోతే చేస్తున్న పని అక్కడికక్కడే పోతుంది. ల్యాప్‌టాప్‌కు "స్టెబిలైజర్ లాంటిది" అని ఎవడన్నా స్పైక్ గార్డు అమ్మితే అడాప్టరు వెనక చదివి వినిపించండి.

రీసెట్ అయినాక తెర మీద ఒకటొకటిగా ప్రశ్నలు వచ్చాయి. ఏ దేశం, ఏ కీబోర్డు, ఏ వైఫై, ఎవరి ఖాతా, పిన్ ఏం పెట్టుకుంటావు. చెల్లి ఒక్కోదానికి నన్ను చూసింది, నేను సీలింగు చూసినాను. మూడో ప్రశ్న నుంచి నన్ను చూడటం మానేసింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, అందులో ముప్పై నిమిషాలు అప్‌డేట్లు దిగడానికే. ఇదీ ఆ 1,500 రూపాయల పని. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో మన ఊరికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు ఇది. ఇంట్లో ఒకరు సాఫ్ట్‌వేర్‌లో లేని వీధి ఉండదు. ఇక్కడ కంప్యూటర్ సైన్సు చదవబోయే పిల్ల కంప్యూటరు మొదటిసారి తెరవడానికి వేరేవాడికి డబ్బు కట్టింది. నాకు కోపం వచ్చేది దీనికే.

ఆ ఇన్‌స్టలేషన్ చీటీలో ఇంకో వరస ఉంది, "తెలుగు ఫాంట్లు, టైపింగ్" అని. తెలుగు ఫాంటు విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ లోపలే వస్తోంది, అప్పట్లో దాని పేరు గౌతమి. ఇంగ్లిషు అక్షరాలతో "అమ్మ" అని కొడితే తెలుగులో పడే ఫోనెటిక్ కీబోర్డు 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది. సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు అని ఎంచుకుని, ఆ ఫోనెటిక్ కీబోర్డు జోడించుకోవడమే. డీటీపీ వాళ్ల పాత ఫాంట్ల బాధ వేరు, పెళ్లిపత్రిక అచ్చు వేయించేవాళ్లకు అవసరం. ఈ పిల్లకు అవసరం లేదు. మన భాషను మనకే డబ్బులకు అమ్మడం మాత్రం, నేను షోరూములో ఉన్నప్పుడు కూడా, గొంతు దిగేది కాదు. అయినా అమ్మినాను.

ఇక పెన్‌డ్రైవ్. "విండోస్ పాడైతే ఇదే దిక్కు" అన్నాడట. ల్యాప్‌టాప్ డిస్కులోనే రికవరీకి కంపెనీ ఒక భాగం వదిలి ఉంచుతుంది, మేమిప్పుడు రీసెట్ కొట్టింది చూశారుగా. బయట కూడా ఒకటి ఉండాలనుకుంటే, 32 జీబీ పెన్‌డ్రైవ్ కొనుక్కుని విండోస్‌లోనే ఉన్న రికవరీ డ్రైవ్ పనిముట్టుతో చేసుకోవచ్చు. చెల్లి ఆ 999 రూపాయల పెన్‌డ్రైవ్ గుచ్చింది. అందులో రికవరీ ఏమీ లేదు. "ఆల్ సాఫ్ట్‌వేర్స్" అని ఒక ఫోల్డరు, లోపల వీఎల్‌సీ, ఒక బ్రౌజరు, జిప్పులు విప్పేది ఒకటి, "యాక్టివేటర్" అని రెండు ఫైళ్లు. ఆ రెండిటి మీద చెయ్యి పడిందో లేదో, కుడి మూల డిఫెండర్ ఎర్రగా లేచి, పట్టుకున్నాను అంది. దొంగ లైసెన్సులు పుట్టించే ఈ యాక్టివేటర్లలో వైరస్ దూర్చి వదలడం పాత విద్య.

డిఫెండర్ అంటే విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే యాంటీవైరస్. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది లోపలే ఉంది, తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. వేరే యాంటీవైరస్ వేస్తే ఇది పక్కకు తప్పుకుంటుంది. అంటే 1,799 పెట్టి కొన్నది చేసే మొదటి పని, ఉచితంగా కాపలా కాస్తున్నవాణ్ణి ఇంటికి పంపడం. ఒకే బిల్లులో వైరస్ ఉన్న పెన్‌డ్రైవూ, వైరస్‌ను పట్టే డబ్బా కూడా. మొదటిదాన్ని పట్టింది మాత్రం డబ్బు కట్టని మూడోది. చిన్నాన్నకు ఇది చెప్పడానికి నేను పడిన తంటా ఇంతా అంతా కాదు. చివరికి "దొంగా వాడే, కుక్కా వాడే అంటావా" అన్నాడు. అంతే చిన్నాన్నా.

వారంటీ దగ్గర కాస్త ఆగాలి, చదువుకున్నవాళ్లు కూడా దీన్ని బీమా అనుకుంటారు కాబట్టి. ఏడాది కంపెనీ వారంటీ ల్యాప్‌టాప్ ధరలోనే ఉంది. తయారీలో లోపం ఉంటే చాలాసార్లు ఆ ఏడాదిలోనే బయటపడుతుంది. తర్వాత మిషన్లు చచ్చేది హాస్టల్ మంచం మీంచి పడి, టీ ఒలికి, మూత దగ్గర హింజి విరిగి, బ్యాటరీ అలిసిపోయి. చిన్నాన్న చేతిలోని వారంటీ కాగితం వెనక చీమల్లాంటి అక్షరాలున్నాయి. వాటిని చదివి వినిపించినాను. కింద పడితే వర్తించదు. ద్రవాలు ఒలికితే వర్తించదు. బ్యాటరీకి, అడాప్టరుకు వర్తించదు. హింజికి వర్తించదు.

"మరి ఏం పోతే ఇస్తారంట?" అన్నాడు.

మదర్‌బోర్డు, తెర లాంటివి వాటంతట అవి పోతే ఇస్తారు. అదీ ఇచ్చేది ల్యాప్‌టాప్ కంపెనీ కాదు, షాపు తరఫున ఇంకెవరో. ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి. నేను అమ్మిన మూడేళ్ల ప్లాన్లలో కొన్నింటికి గడువు ఉండగానే మా షోరూము మూతపడింది. ఆదోని నుంచి ఒక స్కూలు టీచరు నా నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసినాడు. బోర్డు పోయిందట. "మీరే కదా సార్ నిశ్చింతగా ఉండమన్నారు" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంతగా గుర్తుండేది కాదు.

పొడిగింపు నిజంగా కావాలనుకుంటే కంపెనీ సైటులో, అడుగున ఉన్న సీరియల్ నంబరు కొట్టి, నేరుగా కంపెనీ దగ్గరే కొనండి. మొదటి ఏడాది అయిపోయేలోపు కొనే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి. కాబట్టి కౌంటరు దగ్గర "ఈరోజే తీసుకోవాలి" అనే తొందర కొనేవాడికి అక్కరలేదు, అమ్మేవాడికే కావాలి. సైటు చూసినప్పుడు వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో కూడా చూడండి. మీరు కొన్న రోజు కాకుండా సరుకు కంపెనీ గడప దాటిన రోజు నుంచి చూపిస్తుంటే, బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు. అందుకే బిల్లు ముఖ్యం. "బిల్లు కావాలంటే జీఎస్టీ పైన పడుతుంది" అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది మన ఊళ్లో. డబ్బా మీద ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపి. చిన్నాన్న కట్టిన 47,990లో 18 శాతం జీఎస్టీ కింద 7,320 రూపాయలు అప్పటికే ఉన్నాయి.

అన్నీ వద్దనే మొండివాణ్ణి కాను. హాస్టల్‌లో ఉండే పిల్లకు, కింద పడితే కూడా వర్తించే ప్రమాద రక్షణ ప్లాన్ కంపెనీదే దొరికి, షరతులు చదివి కొంటే నేను కాదనను. ఎనిమిది జీబీ ర్యామ్‌తో వచ్చిన మిషనుకు, లోపల ఖాళీ స్లాటు ఉంటే, ఇంకో ఎనిమిది వేయించుకోవడం కూడా మంచి ఖర్చే. ఆ కుర్రాడు చెల్లికి ఇది ఒక్కటి చెప్పలేదు, గమనించండి. అటాచ్ లిస్టులో లేదేమో. కీబోర్డు స్కిన్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. కొన్ని మోడళ్లు కీల సందుల్లోంచి కూడా గాలి పీల్చుకుంటాయి, మే నెలలో మన అనంతపురం ఎండల్లో దానికి ఆ దుప్పటి కప్పడం ఏమి న్యాయం?

వాయిదాల మీద కొనేవాళ్లకు ఇంకో మాట. షాపులో ఒక మూల ఫైనాన్సు టేబులు ఉంటుంది. అక్కడ అప్పుతో పాటు గాడ్జెట్ ఇన్సూరెన్సు కలిపేస్తారు, నెల కంతులో ఎనభయ్యో తొంభయ్యో పెరుగుతుంది కాబట్టి కంటికి ఆనదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇట్లాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఆ పత్రం అడిగి, ఇన్సూరెన్సు వరస ఉంటే కొట్టించండి.

మరుసటి రోజు పదకొండింటికి ముగ్గురం షాపుకు పోయినాం. మేనేజరు మర్యాదస్తుడే, నీళ్లు తెప్పించినాడు. యాంటీవైరస్ డబ్బా సీలు కూడా విప్పలేదు, వారంటీ ప్లాన్ ఇంకా యాక్టివేట్ కాలేదు, రెండూ వెనక్కి తీసుకోమన్నాను.

"సార్, ఇది కాంబో రేటు. వారంటీ తీసేస్తే ల్యాప్‌టాప్ రేటు మారుతుంది" అన్నాడు.

బిల్లు ఆయన ముందు పెట్టినాను. ప్రతి వస్తువుకూ విడి రేటు ఉంది, తగ్గింపు అనే గడే లేదు. ఒకటి కొనాలంటే ఇంకోటి కొని తీరాలనే షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతి కింద లెక్కేస్తుంది, ఆ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోలు మీద ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. ఇదంతా నేను అక్కడ ఉపన్యాసంగా చెప్పలేదు. "1915కి ఫోన్ చేసి కనుక్కుందామా సార్, మీరన్నది కరెక్టేమో" అన్నాను, అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు అది. మేనేజరుకు తెలిసినట్టుంది. ఆ రెండూ వెనక్కి తీసుకున్నాడు. పెన్‌డ్రైవ్ సంగతి చెల్లే చెప్పింది. ఫోనులో తీసిన డిఫెండర్ ఎర్ర బొమ్మ చూపించింది. ఆయన దాన్ని చూసి, లోపలికి పిలిచి ఎవరినో ఏదో అన్నాడు, 999 కూడా ఇచ్చేసినాడు. మొత్తం 7,297. ఇన్‌స్టలేషన్ డబ్బు ఇవ్వలేదు. "పని చేసినాం కదా సార్" అన్నాడు. చేసినారు, కాదనలేను. స్క్రీన్ గార్డు అతికించేసినారు, స్కిన్ కవరు చింపేసినారు, వాటి మాట ఎత్తలేదు.

బయటికొచ్చేటప్పుడు కోడు చదివిన కుర్రాడు తలుపు దగ్గర ఎదురైనాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. వాడి ఇన్సెంటివులోంచి ఆ మూడు వస్తువులూ ఈ రాత్రికి తీసేస్తారు, నాకు తెలుసు. కమలానగర్‌లో చిన్న సర్వీసు షాపు నడిపే నా స్నేహితుడితో ఇదంతా చెబితే వాడు నన్నే తిట్టినాడు. "ఆన్‌లైన్‌లో మూడు వందలు తక్కువని అందరూ అక్కడే కొంటే ఇక్కడి షాపులు ఏం తిని బతకాలప్పా?" అన్నాడు. వాడి మాటలో నిజముంది. కానీ వాడు తన షాపులో చేసేదేంటి? ఇంటికొచ్చి పక్కన కూర్చుని, మన ఖాతాతో, మన చేతే సెటప్ చేయించి, వెళ్లేముందు నాలుగు వందలు తీసుకుంటాడు. మాటిమాటికీ ఫోన్ చేసి విసిగించినా చెబుతాడు. ఎవరూ లేని పెద్దవాళ్లు అట్లాంటి వాడికి ఆ డబ్బు ఇస్తే నాకేం అభ్యంతరం? పని అమ్ముతున్నాడు, భయం అమ్మడం లేదు.

కొనేటప్పుడు డబ్బా షాపులోనే విప్పించండి, గీతలున్నాయేమో, తెర వెలుగుతోందేమో చూసుకోండి. దేశం ఏదని అడిగే మొదటి తెర రాగానే పవరు బటను నొక్కిపట్టి ఆపేసి, మూత మూసి ఇంటికి తెచ్చుకోండి. అక్కడి నుంచి ముందుకు పోవడానికి ఎవరి చేతికీ ఇవ్వకండి. "ఒక్క నిమిషం సార్, యాక్టివేట్ చేసి ఇస్తా" అని చేతిలోంచి లాక్కున్నంత పని చేస్తారు. నేను చేసేవాణ్ణి.

చెల్లి ఇప్పుడు హాస్టల్‌లో ఉంది. రికవరీ కీ 48 అంకెలు ఒక నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుందట, అమ్మమ్మ మందుల చీటీ పక్కన. పక్క గదుల్లో ముగ్గురికి ఫోను నంబర్లు మార్చిందట. ఒకమ్మాయి ఖాతాకు ఉన్న చివరి రెండంకెలు, మొదట తన ఖాతాకు ఉన్న నంబరు అంకెలే అని చెప్పి నవ్వింది. అదే కుర్రాడు.

స్పైక్ గార్డు చిన్నాన్న పల్లెకు తీసుకుపోయినాడు. గూట్లో టీవీ పక్కన మేకు కొట్టి తగిలించి, టీవీ, రెండు ఫోన్లు, బ్యాటరీ లైటు దానికే గుచ్చినాడు. మొన్న పోయినప్పుడు చూపించి, "ఇది మాత్రం బాగుందిరా" అన్నాడు. 749 రూపాయలకు బాగుండక ఏం చేస్తుంది.